బాత్రూమ్ వాచ్‌మెన్

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఆయన కన్నబాబు అంటే ఊరుకోను గానీ, నా అంతట నేను ఒప్పుకుంటే తప్పు లేదు కదా. ఆ కోపంలో నేనన్న ఒక్క మాటకి మా అత్త ఆరు రోజులు ఒంటి మీద నిప్పులు పోసుకున్నంత మంట దాచుకుని, నా కళ్ళెదుటే వంటా చేసింది, బట్టలూ మడత పెట్టింది. అదంతా ఎవరి కోసమయ్యా అంటే ఒక సాలీడు కోసం.

మా అత్త పేరు రాజులమ్మ. అరవై ఎనిమిదేళ్ళు. యలమంచిలి దగ్గర పుట్టి పెరిగిన మనిషి, పదమూడేళ్ళుగా ఇక్కడ అల్వాల్‌లో మాతో ఉంటోంది. పాముని చూసినా జంకదు. కరెంటు పోతే కొవ్వొత్తి కూడా అడగదు. కానీ బొద్దింక కనపడిందా, అంత మనిషీ మంచం ఎక్కి కూర్చుంటుంది. మా బాత్రూమేమో ఇంటికి వెనకవైపు, మురుగు గొట్టం పక్కన. ఇల్లు పాతది. పై వాటాలో ఉండే ఓనరు సుమిత్ర ఎన్నిసార్లు సిమెంటు పెట్టించినా ఆ గొట్టం చుట్టూ సందులు పడుతూనే ఉంటాయి. బొద్దింకలకి అదే రాజమార్గం.

పోయిన వానాకాలంలో ఉన్నట్టుండి అవి తగ్గిపోయాయి. నేను కొత్తగా తెచ్చి పెట్టిన మందు పనిచేసిందని పదిమందికీ చెప్పుకున్నాను. మా అత్త రెండ్రోజులు విని, మూడోరోజు నన్ను బాత్రూంలోకి తీసుకెళ్ళి గీజరు వెనక చూపించింది. గోడకి అతుక్కుని ఒక సాలీడు. గోధుమరంగు, మొహం మీద అడ్డంగా తెల్ల గీత, కాళ్ళు చాపితే నిమ్మకాయంత ఉంది.

"మందూ లేదు మాకూ లేదు. ఇదే తినేత్తంది," అంది. "తెల్లారగట్ల స్నానానికెళ్తాను కదా, రోజూ చూత్తన్నాను. ఇది గూడు కట్టదే. తిరిగి ఏటాడతాది."

నేను కేక పెట్టి బయటికొచ్చేశాను. నాకు బొద్దింక అంటే లెక్కలేదు, చెప్పుతో ఒక్కటేస్తాను. సాలీడంటే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. ఒకే ఇంట్లో ఇలా చెరొక భయం ఉండడం వల్ల అంతవరకూ మాకు బాగానే గడిచింది. తన బొద్దింకల్ని నేను చంపేదాన్ని, బూజు కర్ర పట్టుకున్న రోజున నాకు తోడు తను నిలబడేది.

ఆ తోడు కూడా ఎలాంటిదంటే, నేను కర్ర ఎత్తగానే వెనకనించి ఆర్డర్లు. "అది పాడుబడ్డ కొంప, తీసీ. ఆ మూలది వదిలీ, చూడు, నోట్లో గుడ్లెట్టుకుంది." నిజంగానే పొడుగు కాళ్ళ సన్నపు సాలీడొకటి, గుడ్ల మూట నోట కరుచుకుని తలకిందులుగా వేలాడుతూ ఉండేది. కర్ర తగిలితే చాలు, కనపడకుండా పోయేంత వేగంగా ఊగిపోయేది. దానికి మా అత్త పెట్టిన పేరు కంగారు మనిషి. టీవీ మీద ఎగిరెగిరి, కింద పరిగెత్తే వార్తల అక్షరాల్ని పట్టుకోబోయే చిన్న సాలీడు ఇంకొకటి ఉండేది. దానికి చదువు పిచ్చి అనేది.

గీజరు వెనకున్న దాని పేరు వాచ్‌మెన్. చీకటి పడ్డాక డ్యూటీ ఎక్కి, తెల్లారేసరికి దిగిపోతుందని. పొద్దున్నే నేలమీద బొద్దింక రెక్కో కాలో పడుంటే, మా అత్త దాన్ని చీపురుతో తోసి, "రాత్రి బానే చేశాడు డ్యూటీ," అనేది.

డిసెంబరులో ఒకరోజు అది గోడ మధ్యలో కదలకుండా ఉంటే ధైర్యం చేసి చెప్పు విసిరాను. సరిగ్గా తగిలింది. పొడిపొడిగా రాలిపోయింది. కన్నబాబుకి ఫోన్ చేసి మరీ చెప్పాను. సాయంత్రం గీజరు వెనక చూస్తే అదే సాలీడు, ఇంకాస్త పెద్దదై కూర్చుంది. మా అత్త పడీపడీ నవ్వింది.

"అది చొక్కా ఇప్పేసి పక్కకెళ్ళింది. నువ్వు చొక్కాని కొట్టావు. పెరిగేటప్పుడు ఇప్పేత్తాయిలే అవి, బిగుతైపోద్ది కదా."

ఆ తరవాత నేను దాన్ని చూడనట్టే ఉండడం నేర్చుకున్నాను. బాత్రూంలోకి వెళ్ళేముందు తలుపు మీద రెండుసార్లు కొట్టేదాన్ని. అది గీజరు వెనక్కి వెళ్ళేది. ఇలా ఏప్రిల్ దాకా సర్దుకున్నాం.

ఏప్రిల్ రెండో వారంలో ఒక ఆదివారం పొద్దున మా అత్త వంటింట్లోకి వచ్చి, ఎవరో చుట్టాలమ్మాయి కబురు మోసుకొచ్చినట్టు గొంతు తగ్గించి చెప్పింది.

"వాచ్‌మెన్ కాదే, వాచ్‌మెన్ పెళ్ళాం. గుడ్లెట్టింది."

వెళ్ళి చూశాను. ఇప్పుడది నా అరచేయంత ఉంది. గుండె కింద కోటు బొత్తాం లాంటి తెల్లటి బిళ్ళ పట్టుకుని ఉంది. ఆ బిళ్ళ నిండా గుడ్లేనట. ఎక్కడా దింపదట. మా అత్త నాలుగు రోజులుగా గమనిస్తోందట.

"పక్కనించే బొద్దింక ఎళ్ళిపోయింది దేవీ. కదల్లేదు. నోటితో అది పట్టాలంటే ఇది వదలాలి కదా. అందుకని తిండే మానేసినట్టుంది."

నేను ఫోన్ తీసి వెతికాను. ఒక్క బిళ్ళలో రెండు వందలకి పైనే పిల్లలుంటాయని రాసుంది. అంతే, నా కోపం నషాళానికంటింది. రెండు వందలు! ఇది ఇల్లా, సత్రమా? పురుగుల మందు కొట్టేవాడికి అప్పటికప్పుడు ఫోన్ చేశాను. మర్నాడు పదింటికి వస్తానన్నాడు.

మా అత్త ఎప్పుడూ నన్ను ఏదీ బతిమాలదు. కావలసింది గదమాయించి చేయించుకుంటుంది. ఆరోజు మాత్రం ఫోన్ పెట్టేదాకా ఆగి, నా చెయ్యి పట్టుకుంది.

"పిల్లలు బయటికొచ్చేదాకా ఆగవే. నెల్లాళ్ళు పట్టుద్దేమో. తరవాత నీ ఇష్టం. దానికి వేరే కోరికేం లేదు, ఆ మూట దింపుకుంటే చాలు."

నేను కరిగాను. కరిగినా కోపం కోపమే కదా. గుమ్మంలో నిలబడి వేలు చూపించి మరీ షరతు పెట్టాను.

"సరే. నెల్లాళ్ళు. కానీ అత్తా, అది మనిషి ఒంటి మీదికెక్కిందో, ఇంట్లో ఎవరికైనా ఒక్క పొక్కు వచ్చిందో, ఆ పూటే దాన్ని చీపురుతో కొడతాను. అప్పుడు గుడ్లూ పిల్లలూ అని నాతో అనకు."

పొక్కు మాట ఎందుకన్నానంటే, మావైపు అందరికీ తెలిసిన సంగతే అది. సాలీడు ఒంటి మీద పాకితే మంట పొక్కులు లేస్తాయి. మా అమ్మమ్మ అనేది, మా అత్త వాళ్ళమ్మా అనేది. అందులో నాకెంత నమ్మకముందో, సాలీళ్ళని అంతలా వెనకేసుకొచ్చే మా అత్తకీ అంతే నమ్మకముంది. ఆవిడ తలూపి, "సరే. అలా చేత్తే కొట్టీ," అంది. నేను మందువాణ్ణి రావద్దన్నాను.

పది రోజులు ఏమీ కాలేదు. ఆ తరవాతే మా అత్త తీరు మారింది.

ముందు జాకెట్టు మారింది. ఒళ్ళు పట్టుకున్నట్టుండే జాకెట్లు తప్ప వేసుకోని మనిషి, ఎప్పుడో పక్కనపడేసిన వదులు జాకెట్లు తీసింది. ఎండలు కదా అంది. మధ్యాహ్నం కునుకు ఒకవైపుకే పడుకోవడం మొదలుపెట్టింది. బట్టలు నా చేత ఉతికించుకోకుండా తనే పిండుకుని పెరట్లో ఆరేసుకుంది. ఆదివారం తలకి నూనె పెడతానంటే వద్దంది. ప్రతి ఆదివారం పొద్దున ఆవిడ నా మోకాళ్ళ ముందు పీట వేసుకుని కూర్చోవడం, నేను నూనె పెట్టడం, ఇద్దరం కలిసి కన్నబాబుని తిట్టుకోవడం పదమూడేళ్ళ అలవాటు. వద్దంటే నాకు గుచ్చుకుంది.

నేను అలిగిందనుకున్నాను. సాలీడు మీద షరతు పెట్టానని మనసులో పెట్టుకుందనుకున్నాను. పోనీ నేరుగా అడగొచ్చు కదా? అడగలేదు. అలక అంటే అలకే, నేనూ మాట తగ్గించాను. కంచం ముందు పెడితే తింటోంది, పిలిస్తే పలుకుతోంది. కూర్చున్నప్పుడు గోడకి ఆనుకోవడం లేదు. అది కూడా చూశాను నేను. చూసి, నా మీద బిగుసుకుని కూర్చుందనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే లెంపలేసుకోవాలనిపిస్తుంది.

మంగళవారం ప్యారడైజ్ దగ్గర మా ఆఫీసులో మధ్యాహ్నానికే కంప్యూటర్లన్నీ ఆగిపోయాయి. ఇంటికి పొమ్మన్నారు. ఒంటిగంటన్నరకి తాళంచెవితో తలుపు తీసి లోపలికొచ్చాను. వెనక గదిలో మాటలు వినపడ్డాయి.

మా అత్త స్టూలు మీద అటు తిరిగి కూర్చుంది. జాకెట్టు వీపు మీంచి తొలగించి ఉంది. సుమిత్ర వెనక నిలబడి, గిన్నెలోంచి పచ్చటి ముద్ద కోడి ఈకతో తీసి రాస్తోంది. వేపాకు వాసన గదంతా ఉంది. ఎడమవైపు రొమ్ము కిందనించి వీపు దాకా, చెయ్యి వెడల్పున, ఎర్రగా వాచి గుత్తులు గుత్తులుగా పొక్కులు. కొన్ని పగిలాయి. ఈక తగిలినప్పుడల్లా మా అత్త వేళ్ళు స్టూలు అంచుని గట్టిగా పట్టుకుంటున్నాయి.

"ఏంటిది?" అన్నాను.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మా అత్త చీర పైకి లాక్కుంది. సుమిత్ర గిన్నె కింద పెట్టింది.

"దేవీ, జెర నిమ్మళంగ. పెద్దమ్మను పరేషాన్ చెయ్యకు," అంది. "ఆరు రోజులైతుంది గిట్ల లేచి. దవాఖానకు పోదాం పెద్దమ్మా అని నేను రోజు చెప్తున్న. ఇంటలేదు. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు సుత పెట్టించుకుంది."

"నాకు చెప్పొద్దనా? ఎందుకు?"

సుమిత్ర మా అత్త వైపు చూసింది. మా అత్త నేల వైపు చూసింది.

"తువ్వాలు మీద పాకుంటాది," అంది నెమ్మదిగా. "నేను చూసుకోకుండా తుడుచుకున్నాను. అది తెలిసి చేసింది కాదే."

అప్పుడర్థమైంది నాకు. కాళ్ళనించి తలదాకా మండిపోయింది. బాత్రూం తలుపు పక్కనున్న చీపురు అందుకున్నాను. దాన్ని ఎలా కొట్టాలో, ఎన్నిసార్లు కొట్టాలో కూడా ఆ రెండు అడుగుల్లో అనేసుకున్నాను. మా అత్త ఎప్పుడు లేచిందో, నాకంటే ముందే వెళ్ళి బాత్రూం గుమ్మంలో నిలబడింది. చీర వీపుకి రాసుకుని మొహం వంకర పోయింది, అయినా రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఇంకో పది రోజులే దేవీ. పది రోజుల్లో దింపుకుంటాది. నాకేటీ కాదు, తగ్గిపోతంది. నువ్వు మాటన్నావు కదా, ఒక్క పొక్కు వచ్చినా కొట్టేత్తానని. అందుకే చెప్పలేదు. నాకు కోపం లేదు దాని మీద, నీకెందుకు?"

కళ్ళలో నీళ్ళు. నొప్పికి ఏడవని మనిషి. ఆ నీళ్ళు నన్ను బతిమాలుతున్నాయి.

నేను చీపురు వదిలేశాను. "చెప్పులేసుకో, డాక్టరు దగ్గరికి పోదాం," అని అరిచాను. అదీ అరుపే. మెల్లగా చెప్పడం చేతకాలేదు.

ఆటోలో గతుకు వచ్చినప్పుడల్లా ఆవిడ నా చెయ్యి పట్టుకుంటోంది, దాటగానే వదిలేస్తోంది.

చర్మం డాక్టరు హేమచంద్ర గారు వీపు చూసి, సుమిత్ర రాసిన వేపాకు ముద్ద చూసి, మా ఇద్దరి మొహాలూ చూశారు. ఎన్నాళ్ళయిందన్నారు. ఆరు రోజులంది మా అత్త. సాలీడు పాకిందని చెప్పి, వెంటనే, "కావాలని పాకలేదండి," అని కూడా చెప్పింది.

"మీకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అన్నారాయన.

"పదేళ్ళప్పుడండి. మా ఊళ్ళో ఇంటింటికీ పోసింది."

"ఇది అదేనమ్మా. అప్పుడు తగ్గిపోయిందనుకున్నారు గానీ, నరంలో దాక్కుని కూర్చుంది. వయసొచ్చి ఒంట్లో సత్తువ తగ్గాక మళ్ళీ లేచింది. దీన్ని సర్పి అంటారు. చూడండి, ఎడమవైపు మొదలై వెన్నెముక దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. ఆ వైపు నరం ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకే వస్తుంది. సాలీడైతే అలా కొలుచుకుని పాకుతుందా? దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు."

మా అత్త మొహం వెలిగిపోయింది. నా మోచేతి మీద తట్టింది.

"ఇన్నావా? దాని తప్పేటీ లేదంట."

డాక్టరు గారు నవ్వలేదు. నా వైపు తిరిగారు. "మొదటి మూడు రోజుల్లో తెచ్చుంటే బాగుండేది. ఇప్పుడూ మందులిస్తాను, కొత్త పొక్కులు ఇంకా లేస్తున్నాయి కాబట్టి పనిచేస్తాయి. కానీ పొక్కులు మానినా మంట కొంతకాలం ఉండొచ్చు. కొందరికి నెలలు. ఈ నొప్పి మామూలు నొప్పి కాదు. ఆవిడ ఎలా ఓర్చుకున్నారో నాకర్థం కావట్లేదు. ఇంట్లో ఎవరూ చూడలేదా?"

ఇంట్లో ఎవరూ అంటే నేనే. బీపీ మాత్రలు టైముకి నేనే ఇస్తాను, కళ్ళజోడు పాడైతే నేనే చేయిస్తాను, మా అత్తని నాలా చూసుకునే కోడలు ఈ వీధిలో లేదని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకుని తిరుగుతున్నాను. అలాంటిది, ఒళ్ళు కాలిపోతున్నప్పుడు ఆవిడ కూర్చుని ఆలోచించుకుంది. సాలీడు ఒళ్ళు కాల్చింది అనే నమ్మింది. అయినా సాలీడుకి భయపడలేదు. నాకు భయపడింది.

అక్కడే, డాక్టరు గారి ముందే ఏడ్చేశాను. ఆయన కంగారుపడి నీళ్ళసీసా నా వైపు జరిపారు. మా అత్త ఆయనకి సర్ది చెప్పింది. "మా కోడలికి జాలెక్కువండి," అంది. అది విని ఇంకా ఏడుపొచ్చింది.

మందులు కొనుక్కుని ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాం. ఎండ మాడిపోతోంది. నేను చున్నీ తీసి ఆవిడ తల మీద పట్టుకున్నాను. కాసేపటికి ఆవిడ నెమ్మదిగా, ఏదో ఆఫీసులో గుమాస్తాని అడిగినట్టు అడిగింది.

"మరైతే అది మాట తప్పలేదు కదా. ఉంచుతావా?"

"ఉంచుతాను అత్తా. రెండు వందల పిల్లల్నీ ఉంచుతాను. నువ్వు ఇలాంటివి దాచొద్దు. ఇంకెప్పుడైనా ఏదైనా వస్తే ముందు నాకు చెప్పాలి."

ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నేను చూస్తూనే ఉన్నాను.

"నువ్వు కోప్పడనంటే చెప్తాను."

మాటివ్వబోయాను. నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడకి అబద్ధం చెప్పాలనిపించలేదు.

"కోప్పడతాను అత్తా. నా నోరు నీకు తెలీదా? కోప్పడతాను. కోప్పడినా చెప్పు."

ఆటో వచ్చింది. ఈసారి గతుకులు దాటాక కూడా నా చెయ్యి వదల్లేదు.

డాక్టరు చెప్పినట్టే పొక్కులు మాడిపోయాయి, మంట మాత్రం ఉండిపోయింది. వేపాకు మాన్పించి మందు నేనే రాస్తున్నాను. ఎలా ఉందంటే బానే ఉందంటుంది. చీర అంచు తగిలినా మొహం ముడుచుకుంటుంది, అడిగితే, "ఏటీ లేదు, నువ్వు ఆఫీసుకెళ్ళు," అంటుంది. నేను రాస్తూ ఆవిడ మొహం చూస్తుంటే అటు తిప్పుకుంటుంది. పదమూడేళ్ళ భయం ఒక్క ఆటో ప్రయాణంలో పోదని నాకూ తెలుసు. కానీ రోజూ అడుగుతూనే ఉన్నాను.

మే మొదటివారంలో పిల్లలు బయటికొచ్చాయి. పొద్దున ఆరింటికి మా అత్త కేకకి నేనూ కన్నబాబూ పరిగెత్తాం. గీజరు పక్కన గోడంతా ఆవాలు చల్లినట్టు ఉంది. ఒక్కో ఆవగింజకీ కాళ్ళు. తల్లి బక్కచిక్కిపోయి వాటి మధ్యలో ఉంది, తెల్లబిళ్ళ ఖాళీ సంచి అయిపోయింది. నాకు ఒళ్ళు జలదరించింది. అయినా గుమ్మంలోనే నిలబడ్డాను. రెండ్రోజులు ఎవరూ వేణ్ణీళ్ళు పెట్టొద్దని, పెరట్లో పంపు దగ్గర స్నానాలు కానివ్వాలని నేనే హుకుం జారీ చేశాను. కన్నబాబు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు, జ్వరమేమోనని. అవి ఒక్కొక్కటే కిటికీ వైపు పాకుతున్నాయి.

పెరట్లో స్నానాలంటే ఆలస్యం కాదూ మరి! ఎనిమిదిన్నరకి నేను తడి జుట్టుతో, ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఇంకో చేత్తో హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాను. అప్పుడు వెనకనించి మా అత్త పిలిచింది.

"దేవీ. ఇక్కడ మండుతందే. రాత్రినించీ. పడుకోలేకపోయాను."

"రాత్రినించీనా? బస్సు టైముకా చెప్పేది? రాత్రే నన్ను లేపలేవా? నీకు బుద్ధుందా అత్తా?" అని గట్టిగా అరిచేశాను.

అరిచి, భయంగా ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ అప్పటికే పీట లాక్కుని నా వైపు వీపు పెట్టి కూర్చుంది. జాకెట్టు వదులు చేసుకుంటోంది.

"అక్కడ కాదు, ఇంకా కిందకి," అంది.